పదిహేను ముక్కల ఆశ

ఆ నవంబరులో నా ఉద్యోగం పోయింది. కార్ల డాష్‌బోర్డుల్లో నడిచే సాఫ్ట్‌వేర్‌ను టెస్ట్ చేసే పని నాది. పదకొండేళ్ళు చేశాను. ఒక బుధవారం పొద్దున పావుగంట వీడియో కాల్‌లో అది ముగిసింది. మా ఆయన అప్పటికే ఒహాయోలో ప్రాజెక్టు మీద ఉండేవారు. వారాంతాల్లో వచ్చేవారు, లేకపోతే లేదు. అబ్బాయి కాలేజీ హాస్టల్లో. మా ఊరు నోవైలో మంచు పడటం మొదలైంది. ఇంట్లో నేనూ, హీటరు చప్పుడూ.

ఒక్క శనివారం మధ్యాహ్నం మాత్రం నాకు వెళ్ళే చోటు ఉండేది. రెండు వీధుల అవతల ఒక తెలుగువాళ్ళ ఇంటి బేస్‌మెంట్‌లో పోకర్ ఆడేవాళ్ళం. ఇంటాయన కార్ల బంపర్లు డిజైన్ చేసే ఇంజనీరు, కరీంనగర్ వైపు మనిషి. వరసలు కలవకపోయినా నేను అన్నయ్యా అనేదాన్ని, ఆయన వదినా అనేవాడు. ఏడెనిమిది మందిమి ఉండేవాళ్ళం, ఆడవాళ్ళలో నేనొక్కదాన్నే. ఇరవై డాలర్లకు రెండు వందల చిప్పులు, అంటే పందెం బిళ్ళలు, ఇచ్చేవాళ్ళు. అవి పోతే ఆ పూటకి ఆట అయిపోయినట్టే, పైకి వెళ్ళి టీ తాగడమే.

ఆట తెలియనివాళ్ళకి రెండు మాటల్లో చెప్తాను. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు, ఎవరివి వాళ్ళే చూసుకోవాలి. మధ్యలో అందరికీ కలిపి ఐదు ముక్కలు తెరుస్తారు. మొదట మూడు, తర్వాత ఒకటి, ఆఖరున ఒకటి. ఏడింటిలో మంచి ఐదు ఎవరివైతే వాళ్ళు గెలుస్తారు. మధ్యమధ్య పందెం కాయొచ్చు. ఎంతైనా కాయొచ్చు, ఉన్నవన్నీ ఒకేసారి ముందుకు తోసెయ్యొచ్చు.

నాకు ఇష్టమైంది ఆ తోయడమే. నా చేతిలో రెండు ఆఠీన్లు ఉన్నాయనుకోండి. మధ్యలో తెరిచిన మూడింటిలో రెండు ఆఠీన్లు పడ్డాయి. ఇంకొక్కటి పడితే ఐదూ ఒకే గుర్తు, అది పెద్ద చెయ్యి. కానీ ఇంకా పడలేదు. ఇలా సగంలో ఉన్న చేతిని డ్రా అంటారు. అలాంటిది రాగానే నేను చిప్పులన్నీ ముందుకు తోసేదాన్ని. ఎదుటివాడు తన కుప్ప వంక చూసుకునేవాడు, నా మొహం వంక చూసేవాడు, ముక్కలు పారేసేవాడు. దాన్నే ఫోల్డ్ అంటారు. పారేస్తే కుండ, అంటే అప్పటిదాకా మధ్యలో పోగైన పందెం, నాది. పారెయ్యకపోయినా ముక్క పడొచ్చు. ఉద్యోగం పోయిన ఆ వారాల్లో నేను ముందుకు తోస్తే ఎవరో ఒకరు వెనక్కి తగ్గే చోటు అదొక్కటే. అది నాకు మందులా పనిచేసేది.

అప్పుడు ఆ ఇంటి అమ్మాయి వచ్చి బల్ల దగ్గర కూర్చుంది.

ఇరవై రెండేళ్ళు. ఇక్కడే పుట్టి పెరిగింది. ఫార్మసీ చదువుతూ థాంక్స్‌గివింగ్ సెలవులకి ఇంటికొచ్చి, తిరిగి వెళ్ళలేదు. తండ్రి అందరితో "బ్రేక్ తీసుకుంది" అని చెప్పి మాట మార్చేవాడు. ఆ శనివారం మెట్లు దిగి వచ్చి ఐదు డాలర్ల నోటు బల్ల మీద పెట్టింది. తండ్రి ఇరవైకి చిప్పులివ్వబోతే, "నో, ఐదుకే" అంది. యాభై చిప్పులు. మా కుప్పల పక్కన అవి పిల్లల బొమ్మల్లా ఉన్నాయి.

ఆ పిల్ల మూడు వారాల్లో నన్ను మూడుసార్లు ఓడించింది. మూడోసారి జరిగింది బాగా గుర్తుంది. నా చేతిలో ఆఠీను ఎనిమిది, తొమ్మిది. మధ్యలో ఆఠీను రాజు, ఆఠీను నాలుగు, కళావరు రెండు. కుండలో పన్నెండు చిప్పులు, ఆమె ముందు నలభై. నలభై తోశాను. ఎప్పటిలాగా చేతులు కట్టుకుని వెనక్కి వాలాను.

"కాల్," అంది ఒక్క క్షణం ఆలోచించకుండా, తన నలభై కూడా ముందుకు తోసి. ఆమె చేతిలో ఇస్పేటు రాజు ఉంది, మధ్యలో ఉన్నదాంతో కలిపి రాజుల జత. తర్వాతి రెండు ముక్కల్లో ఆఠీను పడలేదు.

నాకు ఒళ్ళు మండింది. "ఇది ఆటేనా? కళ్ళు మూసుకుని ఉన్నవన్నీ పెట్టెయ్యడం! సరిపడా చిప్పులు కొనుక్కుని పెద్దవాళ్ళలా ఆడటం నేర్చుకో," అన్నాను.

ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది కానీ గొంతు వణకలేదు.

"ఆంటీ, నా దగ్గర ఇంతే ఉంది. నాన్న మనీ నేను తీసుకోను. ఇంతే ఉన్నప్పుడు ఫోల్డ్ చేసి నేను ఏం సేవ్ చేస్తా?"

చిప్పులు అక్కడే వదిలేసి పైకి వెళ్ళిపోయింది. తండ్రి ముక్కలు కలుపుతూ, "పోనియ్ వదినా, చిన్నపిల్ల," అన్నాడు. చిన్నపిల్లలా మాట్లాడింది ఎవరో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. మర్నాడు ఫోన్‌లో సారీ అని మెసేజ్ పెట్టాను. బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది. దాన్నిబట్టి ఏం అర్థం చేసుకోగలం?

మంగళవారం పొద్దున లైబ్రరీకి వెళ్ళాను. ఉద్యోగాల అప్లికేషన్లు ఇంట్లో కూర్చుని నింపుతుంటే ఏడుపొచ్చేది, అందుకని అక్కడికి వెళ్ళేదాన్ని. నా మొదటి కంపెనీలో గేర్‌బాక్సులు డిజైన్ చేసి రిటైరైన పెద్దాయన రోజూ అక్కడికి పేపర్లు చదవడానికి వచ్చేవారు. కాకినాడ వైపు ఆయన. తెలుగు చర్చిలో పెద్ద. నేను ఇప్పటికీ సార్ అనే పిలుస్తాను. ఉద్యోగం సంగతి అడిగారు. చెప్తూ చెప్తూ ఎందుకో పేకాట సంగతి కూడా చెప్పేశాను. తిడతారేమో అనుకున్నాను.

"డబ్బు పెట్టి నేను ఆడనమ్మా. అది వేరే సంగతి," అన్నారు. "లెక్క మాత్రం చెప్పు. కుండలో ఎంత? ఆ అమ్మాయి ముందు ఎంత?"

చెప్పాను. నేను ప్రింట్ తీసుకున్న ఉద్యోగ ప్రకటన వెనక్కి తిప్పి, జేబులోంచి పెన్సిల్ తీశారు.

"ఆ అమ్మాయి పారేస్తుందని తోశావా, ముక్క పడుతుందని తోశావా?"

"రెండూ సార్."

"పారెయ్యదని నీకు మూడు వారాలుగా తెలుసు. కాబట్టి మొదటిది కొట్టెయ్." కాగితం మీద రాసి నిజంగానే కొట్టేశారు. "ఇక మిగిలింది ముక్క. తొమ్మిది ఆఠీన్లు మిగిలాయి, ఇంకా రెండు ముక్కలు తెరవాలి. మూడుసార్లకి ఒకసారి పడుతుంది, కాస్త ఎక్కువే అనుకో. పడినప్పుడు నీకొచ్చేది యాభై రెండు. పడని రెండుసార్లూ నలభై, నలభై ఎనభై పోతుంది. ఇది బేరమేనా?"

నేను ఆయన కొట్టేసిన మాట వంక చూశాను.

"పెద్ద కుప్ప ఉన్నవాడికి పోగొట్టుకోడానికి చాలా ఉంటుంది. వాణ్ణి భయపెట్టొచ్చు. ఆ అమ్మాయి నీకు సరిగ్గానే చెప్పింది కదా, దాచుకోడానికి ఏముందని. అలాంటివాళ్ళ మీద బెదిరింపు పనిచెయ్యదు తల్లీ. అక్కడ ముక్కల విలువ ఒక్కటే పనిచేస్తుంది."

"అయితే ఆమె ముందు ఎప్పుడూ తగ్గి కూర్చోవాలా?"

"ఎందుకు తగ్గాలి? గట్టి డ్రా కోసం ఆగు," అని కాగితం మీద ఇంకో చెయ్యి వేశారు. నా దగ్గర ఆఠీను జాకీ, ఆఠీను పది. మధ్యలో ఆఠీను రాణి, ఆఠీను తొమ్మిది, కళావరు మూడు. ఏ ఆఠీను పడినా ఐదు ఒకే గుర్తువి అవుతాయి, అవి తొమ్మిది. రాజు పడినా ఎనిమిది పడినా ఐదు ముక్కలు వరసగా కుదురుతాయి, ఆఠీన్లు పోను అవి ఆరు. మొత్తం పదిహేను ముక్కలు నా వైపు. "ఎదుటివాళ్ళ దగ్గర ఒక జత ఉన్నా సరే, సగానికి పైన నువ్వే గెలుస్తావు. అప్పుడు వాళ్ళు పారెయ్యకపోయినా నీకు నష్టం లేదు."

"కానీ సార్, ఆ క్షణానికి నా చేతిలో ఏమీ లేదు కదా. ఒట్టి జాకీ."

ఆయన నవ్వి, "అదే కదా సంగతి. ఆ అమ్మాయిని కూడా తీసుకురా, ఇద్దరికీ చెప్తాను," అన్నారు.

ఫోన్ చేస్తే వస్తుందనుకోలేదు. వచ్చింది. బేకరీలో పొద్దున షిఫ్ట్ ముగించుకుని, కోటు మోచేతి దగ్గర పిండి మరకతో.

"నేను నీతో అలా మాట్లాడి ఉండకూడదు. తప్పు నాదే," అన్నాను.

"ఇట్స్ ఓకే ఆంటీ," అంది. కోటు విప్పి కుర్చీకి తగిలించి, మళ్ళీ అంది. "యాక్చువల్లీ, ఓకే కాదు. బట్ నౌ ఓకే."

సార్ పదిహేను ముక్కల సంగతి ఆమెకీ చెప్పారు. వందకి యాభై అయిదు సార్లు, అటూ ఇటూగా. ఆ పిల్ల కాగితం వంక అనుమానంగా చూసింది.

"అంకుల్, అది జస్ట్ నంబర్. నాకు చూడాలి."

"ఏం చూస్తావు?"

"డీల్ చేద్దాం. హండ్రెడ్ టైమ్స్."

అలా మొదలైంది. నా జాకీ, పది ఒక పక్క. ఆమె వైపు ఇస్పేటు ఆసు, డైమను రాణి. మధ్యలో మూడు ముక్కలు కదపకుండా అలాగే ఉంచి, మిగిలిన నలభై అయిదింటినీ కలిపి, రెండు తెరవడం. ఎవరు గెలిచారో సార్ గీత గీయడం. మళ్ళీ కలపడం. డబ్బు లేదు, చిప్పులు లేవు. మొదటిరోజు ఇరవై అయిదుసార్లు తెరిచాం. తొమ్మిదే నావి. "ఆంటీ, మీ సార్ రాంగ్," అని ఆ పిల్ల గట్టిగా నవ్వితే లైబ్రరీలో పనిచేసే ఆవిడ వచ్చి, జూదమా అని అడిగింది. సార్ కాస్త నొచ్చుకున్నారు. గీతల కాగితం చూపించి అంతా వివరించారు. ఆవిడ అటుగా వెళ్ళినప్పుడల్లా వంగి, ఎవరు ముందున్నారని అడగడం మొదలుపెట్టింది.

ముక్కలు కలిపేటప్పుడు చేతులకి పని ఉంటుంది, మొహం చూసి మాట్లాడక్కర్లేదు. అందువల్లనేమో ఆ పిల్ల ఫార్మసీ సంగతి తనంతట తనే చెప్పింది. ఫెయిల్ కాలేదట. మార్కులు బాగానే వచ్చాయట. "ఎవ్రీ మార్నింగ్ కార్‌లో కూర్చుని ట్వంటీ మినిట్స్ ఏడ్చి క్లాస్‌కి వెళ్ళేదాన్ని. నాకు అది ఇష్టం లేదు అని ఎవరికి చెప్పాలి? అందరూ చాలా పెట్టేశారు కదా నా మీద." సార్ గీత గీయడం ఆపి ఆమె వంక చూశారు. ఫ్లాస్కులో తెచ్చుకున్న టీ కప్పులో పోసి ఆమె ముందుకు జరిపారు.

ముక్కలు పంచడానికి విసుగొచ్చినప్పుడు నా ఇంటర్వ్యూల మీద పడేవాళ్ళు. అప్పటికి నాలుగు పోగొట్టుకున్నాను. ఆ పిల్ల ప్రశ్నలడిగింది, నేను జవాబులు చెప్పాను. మధ్యలో ఆపేసింది.

"ఆంటీ, మీరు చాలా లౌడ్‌గా చెప్తున్నారు. లీడర్‌షిప్, స్ట్రాటజీ... మీరు నిజంగా ఏం చేశారు? ఒక్కటి చెప్పండి."

ఆలోచించాను. ఒక చలికాలం కొత్త మోడల్‌లో రివర్స్ కెమెరా స్తంభించిపోయేది, అదీ ఎప్పుడో ఒకసారి. ఎవరికీ దొరకలేదు. నేను రెండు రోజులు కంపెనీ పార్కింగ్ లాట్‌లో, మైనస్ ఇరవైలో, కారు ఆపి స్టార్ట్ చేస్తూ, ఆపి స్టార్ట్ చేస్తూ కూర్చున్నాను. రెండోరోజు మధ్యాహ్నం దొరికింది. హీటర్ ఫుల్‌లో పెట్టి మొదటి ఎనిమిది సెకన్లలోపు రివర్స్ గేర్ వేస్తేనే ఆగిపోతోంది. చేతివేళ్ళు రెండు రోజులు తిమ్మిరెక్కి ఉండిపోయాయి.

"దట్!" అని బల్ల మీద కొట్టింది. "అది చెప్పండి! దాని గురించి ఎందుకు చెప్పట్లేదు మీరు?"

"అది పనిచెయ్యడమే కదా," అన్నాను. సార్ పగలబడి నవ్వారు.

నాలుగో రోజుకి వంద పూర్తయింది. సార్ గీతలు రెండుసార్లు లెక్కపెట్టారు. నావి యాభై నాలుగు. లైబ్రరీ ఆవిడ చప్పట్లు కొట్టబోయి, తానెక్కడుందో గుర్తొచ్చి ఆపుకుంది. ఆ పిల్ల మాత్రం కాగితం వదల్లేదు.

"ఫస్ట్ డే నైన్ ఔట్ ఆఫ్ ట్వంటీఫైవ్. అక్కడ ఆపేసి ఉంటే మనం రాంగ్ అనుకునేవాళ్ళం. ఎన్నిసార్లు చేస్తే నమ్మొచ్చు అంకుల్? హండ్రెడ్ చాలా? థౌజండ్ కావాలా?"

సార్ పెన్సిల్ కింద పెట్టారు. "గేర్లయితే చెప్పేవాణ్ణమ్మా. ఇది నాకు సరిగ్గా చెప్పడం రాదు. దీనికొక చదువుంది. స్టాటిస్టిక్స్."

"ఐ నో," అంది. ఆ గీతల కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుంది.

జనవరిలో మళ్ళీ బేస్‌మెంట్‌కి వెళ్ళాను. ఆమె మళ్ళీ ఐదు డాలర్లతోనే కూర్చుంది. గంటన్నర గడిచాక ఆ చెయ్యి వచ్చింది. అవే ముక్కలు కావు, అదే రకం. నా దగ్గర ఇస్పేటు ఏడు, ఎనిమిది. మధ్యలో ఇస్పేటు ఆరు, ఇస్పేటు తొమ్మిది, డైమను రాణి. వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. తొమ్మిది ఇస్పేట్లు, మూడు పదులు, మూడు ఐదులు. పదిహేను. కుండలో పదిహేను చిప్పులున్నాయి. ఆ పిల్ల తన నలభై అయిదూ తోసింది.

మిగతావాళ్ళు అప్పటికే పారేశారు. నా తర్వాత ఆడాల్సింది వాళ్ళ నాన్న ఒక్కడే. ఆయన ముందు మూడు వందల పైన కుప్ప ఉంది. ఇక్కడ నేను ఆగి ఆలోచించాను. ఆ పిల్లని భయపెట్టలేను, ఆ అవసరమూ లేదు. కానీ ఆయన్ని భయపెట్టొచ్చు. ఆయన తప్పుకుంటే పోటీ నాకూ ఆమెకూ మధ్యే. నలభై అయిదు కాదు, నా దగ్గరున్న నూట తొంభై చిల్లరా మొత్తం తోశాను.

అన్నయ్య తల గోక్కున్నాడు. ముక్కలు మళ్ళీ చూసుకున్నాడు. "ఏంది వదినా, గింత తోసినవ్? నీ దగ్గర రెండు జతలైనా ఉన్నట్టుంది," అని గొణిగి, పారేశాడు.

ముక్కలు తిప్పాం. ఆమె దగ్గర రాణి, జాకీ, మధ్యలో ఉన్నదాంతో కలిపి రాణుల జత. ఆమె పెట్టింది నలభై అయిదే కాబట్టి, నేను అదనంగా తోసినవి నాకు వెనక్కి వచ్చాయి. నా ఇస్పేట్లు చూడగానే ఆ పిల్ల కళ్ళు మెరిశాయి. "ఆంటీ! ఫిఫ్టీన్!"

నాలుగో ముక్క ఆఠీను రెండు. ఐదోది కళావరు రాజు. ఏదీ నాది కాదు.

అన్నయ్య బల్ల గుద్దాడు. "నా దగ్గర రాణీ ఆసూ ఉండె! నేనుంటే ఇదంతా నాదే! నువ్వు తోసినవనే పారేసిన!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అందరికీ ఒకేసారి అర్థమైంది, ఇద్దరివీ రాణుల జతలే, ఆసు ఉన్నదే పెద్దది. నా తోపు సరిగ్గా పనిచేసింది. పనిచేసి, ఆ పిల్లని ఆమె తండ్రి చేతిలోంచి తప్పించి, ఆమెనే గెలిపించింది. ఆ పిల్ల నూట అయిదు చిప్పులు రెండు చేతులతో దగ్గరికి లాక్కుంటూ, "థాంక్యూ ఆంటీ, థాంక్యూ సో మచ్," అని లేచి నా మెడ కావలించుకుంది. నేను నవ్వడం మొదలుపెట్టాను. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాను.

"ఓడిపోయి నవ్వుతవేంది వదినా?"

"నేను సరిగ్గానే ఆడాను అన్నయ్యా," అన్నాను. ఓడాక ఆ మాట అనగలిగింది అదే మొదటిసారి. దాన్ని నిజంగా నమ్మాను కూడా.

ఆ సాయంత్రం టీ తాగేటప్పుడు ఆ పిల్ల తండ్రితో అంది, ఫార్మసీకి తిరిగి వెళ్ళనని, కమ్యూనిటీ కాలేజీలో స్టాటిస్టిక్స్ క్లాసులు తీసుకుంటానని. ఫీజు బేకరీ జీతంలోంచి కడతానని కూడా అంది. నేను లేచి పక్కకు వెళ్ళబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. అన్నయ్య కప్పు కింద పెట్టాడు.

"నువ్వు రోజూ ఏడ్చినవని ఇయ్యాల్టిదాకా ఎవరూ నాకు చెప్పలే," అన్నాడు. ఈ సంగతి నేనే చెప్పి ఉంటానని ఆ పిల్ల నా వంక చూసింది. నేను చెప్పలేదు. సార్ చెప్పారట, నంబరు కనుక్కుని పొద్దున ఫోన్ చేసి.

"ఇప్పుడు చెప్తున్నా నాన్నా."

"సరే. చదువు. ఫీజు సంగతి మనం లొల్లి పెట్టుకుందాం తర్వాత."

ఫిబ్రవరిలో ఒక వైద్య పరికరాల కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్ళాను. కష్టమైన పనేదైనా చెప్పమన్నారు. పార్కింగ్ లాట్, మైనస్ ఇరవై, ఎనిమిది సెకన్లు, అంతా నెమ్మదిగా చెప్పాను. ఎదురుగా కూర్చున్నావిడ రాసుకోవడం ఆపి, "రెండు రోజులా?" అని అడిగింది. ఆరు నెలల కాంట్రాక్టు ఇచ్చారు. పాత జీతం కాదు, ఆరోగ్య బీమా మాత్రం ఉంది. మా ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. "ఈ వారం గురువారమే వచ్చేస్తాను," అన్నారు.

కొత్త పని మొదలవడానికి ఇంకా పది రోజులుంది. వసంతంలో మొదలయ్యే క్లాసులకి పేరు నమోదు చేసుకోవడానికి ఆ పిల్ల కాలేజీకి వెళ్తూ నన్ను రమ్మంది. డ్రైవ్ చేసింది ఆమే. రోడ్డు పక్క మంచు కరిగి బురదగా మారింది, ఎండ మాత్రం కళ్ళు చెదిరేలా ఉంది. నేను కార్లోనే కూర్చున్నాను. అరగంటకి తిరిగొచ్చి తలుపు తీసి కూలబడింది.

"పాత కాలేజ్ నుంచి ట్రాన్‌స్క్రిప్ట్ కావాలంట ఆంటీ. అది లేకుండా క్లాస్ ఇవ్వరంట. మళ్ళీ రావాలి."

"తెప్పించావా?"

"ఇప్పుడే ఫోన్‌లో రిక్వెస్ట్ పెట్టా. త్రీ డేస్ పడుతుంది." స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఎదురుగా చూసింది. "ఆ ఆఫీస్‌లో ఆవిడ అడిగింది, ఫార్మసీ ఎందుకు వదిలేశావ్ అని. నేను చెప్పా."

"ఏం చెప్పావు?"

"నిజం చెప్పా. షి వాజ్ నైస్." ఇంజన్ స్టార్ట్ చేసింది. "నాకు చాలా ఆకలిగా ఉంది ఆంటీ. మీకు?"

నాకూ ఉంది. దారిలో ఆగి వేడి వేడి సూపు తాగాం. సోమవారం మళ్ళీ వెళ్ళాం. ఈసారి నేనూ లోపలికి వెళ్ళాను. రెండు క్లాసులు ఇచ్చారు.